పిల్లికి మాటేమిటి?

వేసవి సెలవులకు మనవలు వచ్చారంటే మా ఇంట్లో టీవీ రిమోట్ ఇక మా చేతికి రాదు. ఈ వేసవిలోనూ అంతే జరిగింది. మా పెద్దమ్మాయి కూతురికి పదకొండేళ్ళు. హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు పెన్ డ్రైవ్ నిండా బొమ్మల సినిమాలు వేసుకొని వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆ ఎండలో బయటికి పోయే వీలు లేక, మేమిద్దరం కూడా దాని పక్కన చేరాం. మేమిద్దరం భార్యాభర్తలం, ఉద్యోగ విరమణ చేసిన టీచర్లం. ముప్ఫై ఏళ్ళుగా మా సంఘంలో సండే స్కూలూ, వేసవిలో వి.బి.ఎస్. తరగతులూ చూసుకుంటున్నాం.

"ఇది ఒక పిల్లి కథ తాతయ్యా. భలే నవ్వొస్తుంది" అంది మా మనవరాలు. పిల్లల బొమ్మల సినిమాలో మనకేముంటుంది అనుకొని, చేతిలో పేపరు పట్టుకొనే కూర్చున్నాం. పావుగంట గడిచేసరికి పేపరు మడిచి పక్కన పెట్టేశాం. సినిమా అయిపోయేసరికి మా ఇద్దరికీ నోట మాట లేదు. ఆ సంగతే ఈ నెల పాఠకులతో పంచుకోవాలని అనిపించింది.

ఆ సినిమా పేరు 'క్యాట్స్ డోంట్ డాన్స్'. అంటే, పిల్లులు నాట్యం చేయవు అని. 1997 మార్చిలో అమెరికాలో విడుదలైంది. దర్శకుడు మార్క్ డిండల్. కథ జరిగే కాలం 1939, స్థలం హాలీవుడ్.

డానీ అనే కుర్ర పిల్లి ఇండియానా రాష్ట్రంలోని కొకోమో అనే చిన్న ఊరినుంచి బస్సెక్కి హాలీవుడ్ వస్తుంది. చక్కగా పాడుతుంది, అంతకంటే చక్కగా ఆడుతుంది. వారం రోజుల్లో ఏ రోజున ఏమి సాధించాలో కాగితం మీద జాబితా రాసుకొని మరీ వచ్చింది. అదృష్టం బాగుండి మొదట్లోనే ఒక సినిమాలో వేషం దొరుకుతుంది. ఆ సినిమా నోవహు ఓడ కథ. అందులో కథానాయిక డార్లా డింపుల్ అనే చిన్నపిల్ల. బంగారు జుట్టు, బుగ్గన సొట్ట, దేశమంతా ముద్దు చేసే బాలనటి. ఓడ అన్నాక జంతువులు కావాలి కదా! అందుకని పిల్లికీ, ఏనుగుకీ, మేకకూ, తాబేలుకూ తలా ఒక చిన్న వేషం ఇచ్చారు.

డానీ ఎంతో ఆశగా స్క్రిప్టు తెరిచి తన మాటలు వెతుక్కుంటుంది. ఉన్నది ఒకే ఒక్క మాట. "మ్యావ్."

ఇంతేనా అని ఆశ్చర్యపోతుంది. చిత్రీకరణ సమయంలో ఉత్సాహం ఆపుకోలేక మ్యావ్ అనడానికి బదులు పాట అందుకొని నాట్యం మొదలుపెడుతుంది. డార్లాకు ఒళ్ళు మండిపోతుంది. ఆమె దగ్గర కొండంత మనిషి ఒకడు నౌకరుగా ఉన్నాడు. వాడు వచ్చి డానీని పట్టుకొని, పిల్లి అన్నది ఎలా అరవాలో బెదిరించి మరీ నేర్పుతాడు.

మా మనవరాలు పకపకా నవ్వింది. మేమిద్దరం మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఎందుకో కాస్త ఆగి చెబుతాం.

ఆ స్టూడియోలో వూలీ అని ఒక ముసలి ఏనుగు ఉంది. సంగీతం రాయాలని, పియానో వాయించాలని ఒకప్పుడు హాలీవుడ్ వచ్చింది. దానికి దొరికిన ఉద్యోగం స్టూడియో గుర్తుగా, ఒంటికి బొచ్చు తగిలించుకొని తొండమెత్తి ఘీంకరించడం. జంతువులు తెర మీద మనుషుల సరసన నిలబడడం జనానికి అక్కరలేదని డానీకి నెమ్మదిగా నచ్చచెబుతుంది. అక్కడి జంతువులన్నిటి కథా ఇదే. ఒకప్పుడు అందరికీ ఆశలుండేవి. ఇప్పుడు వచ్చిన కూలీ తీసుకొని తలవంచుకొని పోతున్నాయి.

తరువాత డార్లా స్నేహం నటిస్తుంది. ఓడ సెట్టు మీద మీ ప్రతిభ అంతా చూపించండి, పెద్దాయనతో నేను చెబుతానంటుంది. జంతువులు సంబరంగా ఆడుతుండగా తన నౌకరుతో కలిసి నీళ్ళు వదిలేస్తుంది. స్టూడియో అంతా వరద. నింద జంతువుల మీద పడుతుంది. అందరి ఉద్యోగాలూ పోతాయి. చివరికి డార్లా సినిమా మొదటి ఆట రాత్రి, పెద్దలందరూ కూర్చున్న హాలులో, డానీ తన తోటివాళ్ళను కూడగట్టి వేదిక ఎక్కిస్తుంది. డార్లా వాళ్ళ ఆట చెడగొట్టాలని తీగలు లాగినకొద్దీ ఆట మరింత రక్తి కడుతుంది. కోపంలో ఆమె అరిచిన మాటలు మైకులో పడి వరద రహస్యం బయటపడుతుంది. జంతువులకు అసలైన వేషాలు వస్తాయి. కథ కంచికి.

పిల్లల కథే. కానీ ఆ సంవత్సరం చూడండి, 1939. ఆ సంవత్సరం డిసెంబరు 15న అట్లాంటా నగరంలో 'గాన్ విత్ ది విండ్' సినిమా మొదటి ఆట మహా వైభవంగా జరిగింది. అందులో మామీ అనే దాసి వేషం వేసిన హాటీ మెక్‌డానియల్ ఆ ఆటకు వెళ్ళలేకపోయింది. ఆమె నల్లజాతి స్త్రీ. జార్జియా రాష్ట్రంలో నల్లవారు తెల్లవారి సరసన కూర్చోకూడదు. ఆమె తల్లిదండ్రులు బానిసత్వంలో పుట్టినవారు. తర్వాత 1940 ఫిబ్రవరి 29న లాస్ ఏంజెలెస్‌లోని అంబాసిడర్ హోటలులో ఆమెకు ఆస్కార్ బహుమతి ఇచ్చారు. ఆ బహుమతి పొందిన మొట్టమొదటి నల్లజాతి మనిషి ఆమె. ఆ హోటలు నల్లవారిని రానిచ్చేది కాదు. నిర్మాత వెళ్ళి ప్రత్యేకంగా అడిగితే రానిచ్చారు. తన సినిమాలో నటించినవారందరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే, ఆమెను దూరంగా గోడవారగా ఒక చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడినుంచి లేచి వచ్చి బహుమతి అందుకొంది.

ఆ తర్వాత పెద్ద వేషాలు వచ్చాయా? రాలేదు. మళ్ళీ పనిమనిషి వేషాలే. అందాల గాయని లీనా హార్న్‌ది ఇంకో రకం కథ. 1940లలో ఆమె పాటను సినిమా కథతో కలపకుండా విడిగా తీసేవారు. దక్షిణాది రాష్ట్రాల థియేటర్లకు పంపేటప్పుడు ఆ ముక్క కత్తిరించేసినా కథకు లోటు రాకుండా ఉండాలని! మనిషి ఉన్నా లేకపోయినా ఒకటే అన్నట్టు ముందే లెక్క చూసుకొని తీయడమంటే ఇదే.

హాటీ మెక్‌డానియల్ 1952లో చనిపోయింది. హాలీవుడ్ శ్మశానంలో తనను సమాధి చేయాలని కోరుకొంది. నల్లవారికి చోటు లేదన్నారు. చచ్చిన తర్వాత కూడా గోడవార బల్లే దక్కింది. 1999లో ఆ శ్మశానంలో ఆమె పేరున ఒక స్మారక చిహ్నం నిలబెట్టారు. ఆమె తరువాత ఇంకొక నల్లజాతి నటి చేతికి ఆస్కార్ రావడానికి 1991 దాకా, అంటే యాభై ఒక్క ఏళ్ళు పట్టింది. ఆమె హూపీ గోల్డ్‌బర్గ్.

ఈ బొమ్మల సినిమాలో నలుపు, తెలుపు అనే మాటలు ఎక్కడా రావు. మనుషులు, జంతువులు అనే తేడా ఒక్కటే కనిపిస్తుంది. కానీ చూసేవారికి తెలియకుండా పోదు. ఇందులో సాయర్ అని ఒక తెల్ల పిల్లి ఉంది. ఆశలు చంపుకొని ఒక ఏజెంటు దగ్గర సెక్రటరీగా పని చేస్తుంటుంది. ఆ పిల్లి పాటలు పాడినది నాటలీ కోల్. ఆమె తండ్రి నాట్ కింగ్ కోల్ పేరు విననివారు అమెరికాలో ఉండరు. 1956 ఏప్రిల్‌లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో ఆయన వేదిక మీద పాడుతుండగా కొందరు తెల్లవాళ్ళు పైకెక్కి దాడి చేశారు. అదే సంవత్సరం ఆయన పేరుతో టెలివిజన్‌లో ఒక కార్యక్రమం మొదలైంది. దేశమంతటికీ ప్రకటనలిచ్చే పెద్ద కంపెనీ ఒక్కటీ ముందుకు రాక, ఏడాది తిరిగేసరికి ఆగిపోయింది. ఆయన కూతురి గొంతు, ఆశ వదులుకున్న ఒక పిల్లి నోట వినిపిస్తుంటే, తెలిసినవారికి అది ఒట్టి పాటగా వినిపించదు.

జంతువును అడ్డం పెట్టి మనిషి బాధ చెప్పడం మనకు కొత్తేమీ కాదు. వినుకొండలో పుట్టిన మన గుర్రం జాషువ 1941లో 'గబ్బిలం' రాశారు. గుడిలోకి అడుగు పెట్టనివ్వని ఒక మనిషి, ఆ గుడి కప్పుకు వేలాడే గబ్బిలంతో దేవుడికి కబురు పంపుతాడు. గబ్బిలానికి ఉన్న ప్రవేశం మనిషికి లేదు! అక్కడ అమెరికాలో హాటీ గోడవారన కూర్చొన్న మరుసటి సంవత్సరమే ఇక్కడ మన తెలుగులో ఆ కావ్యం వచ్చింది. సముద్రాలు వేరైనా గోడ ఒక్కటే.

ఈ సినిమాకు డబ్బు రాలేదు. సుమారు మూడు కోట్ల ఇరవై లక్షల డాలర్లు ఖర్చుపెడితే అమెరికాలో థియేటర్ల వసూళ్ళు ముప్ఫై అయిదు లక్షల డాలర్ల దగ్గర ఆగాయి. తీసిన టర్నర్ సంస్థ 1996లో టైమ్ వార్నర్‌లో కలిసిపోయింది. ఆ హడావుడిలో సినిమాకు ప్రచారం చేసే దిక్కు లేకపోయింది. బొమ్మల సినిమాలకిచ్చే ఆనీ అవార్డుల్లో మాత్రం ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రంగా నిలిచింది. నాట్యాల విషయంలో సలహాలిచ్చిన మహానటుడు జీన్ కెల్లీ విడుదలకు ఏడాది ముందే, 1996 ఫిబ్రవరిలో, కన్నుమూశారు. సినిమాను ఆయనకే అంకితం చేశారు.

ఇంత మెచ్చుకొన్నాం కాబట్టి మాకు నచ్చని సంగతి కూడా చెప్పాలి. ఈ కథలో చెడు అంతా ఒక్క డార్లా నెత్తిన పెట్టేశారు. ఆ పిల్ల గుట్టు బయటపడగానే అన్యాయం తీరిపోయింది. మరి ఆ స్క్రిప్టులో పిల్లికి 'మ్యావ్' అని రాసినవారు ఎవరు? రాసింది డార్లా కాదు కదా! ఎవరో పెద్దమనిషి, మంచివాడే అయివుంటాడు, ఇంట్లో పిల్లలున్నవాడే అయివుంటాడు, కాఫీ తాగుతూ రాసి ఉంటాడు. దర్శకుడు దానికి తల ఊపి ఉంటాడు. ఎవరి మీదా కోపం లేకుండానే అంతా జరిగిపోయి ఉంటుంది. కథలో వాళ్ళనెవరూ అడగలేదు.

మాకు ఈ ఆలోచన ఊరికే రాలేదు. ఇప్పుడు మా సంగతి చెబుతాం.

రెండేళ్ళ కిందట మా వి.బి.ఎస్. ముగింపు రోజున పిల్లలచేత నాటిక వేయించాం. ఏ కథ అనుకున్నారు? నోవహు ఓడే! నోవహు, ఆయన భార్య, ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు కలిసి ఎనిమిదిమంది. వాళ్ళకు మాటలు రాశాం. మిగిలిన ఇరవైమంది పిల్లలకు అట్టలు కత్తిరించి జంతువుల ముఖాలు కట్టాం. వాళ్ళకు మాటల్లేవు. వరుసగా నడిచి ఓడలోకి వెళ్ళి కూర్చోవాలి.

ఎనిమిదిమందిని ఎంచేటప్పుడు మేము చూసింది మాట స్పష్టంగా ఉందా, భయపడకుండా నిలబడగలరా, తల్లిదండ్రులు పట్టించుకొని బట్టలు కుట్టిస్తారా అన్నదే. ఎవరు ఎక్కడివాళ్ళన్న మాట మా నోట రాలేదు. మనసులో కూడా రాలేదనే అనుకున్నాం. తీరా చూస్తే ఎనిమిదిమందీ గుడిలో ముందు వరస కుర్చీల్లో కూర్చొనే ఇళ్ళ పిల్లలే. అట్ట ముఖాలు కట్టుకున్నవారిలో ఎక్కువమంది రైలు గేటు అవతలి పేట పిల్లలు. పేట అంటే ఏమిటో మన పాఠకులకు విడమర్చి చెప్పనక్కరలేదు. మా మనవరాలు ఆ ఊళ్ళో ఉన్నది నెల రోజులే. అయినా షేము భార్య వేషం, మూడు మాటలు దానికి దొరికాయి.

గేటు అవతలినుంచి పదేళ్ళ పిల్ల ఒకతె వచ్చేది. వాళ్ళమ్మ మున్సిపాలిటీలో ఊడ్చే పని చేస్తుంది. ఆ పిల్లకు పిల్లి ముఖం ఇచ్చాం. రెండో రోజు రిహార్సల్ అయ్యాక మా దగ్గరకు వచ్చి, "టీచరమ్మా, నాకు ఒక్క మాటన్నా లేదా?" అని అడిగింది.

మేమిద్దరం నవ్వాం. "పిల్లికి మాటేమిటే పిచ్చిదానా? మ్యావ్ అను, చాలు" అన్నాం.

అది కూడా నవ్వింది. మేము ఆ సంగతి అక్కడే మరచిపోయాం. మళ్ళీ రెండేళ్ళకు, టీవీలో ఒక బొమ్మ పిల్లి స్క్రిప్టు తెరిచి చూసుకున్నప్పుడు గుర్తొచ్చింది.

సినిమా అయిపోయాక మా మనవరాలు కూడా కాసేపు ఊరుకుంది. తర్వాత, "అమ్మమ్మా, మన డ్రామాలో కూడా ఇంతే కదా?" అంది. ఏమని జవాబిస్తాం? అదే మళ్ళీ అంది: "ఆ పిల్లి ముఖం అక్కకి అందరి మాటలూ వచ్చమ్మమ్మా. ఆ రోజు నేను మరచిపోతే అట్ట వెనకనుంచి ఆ అక్కే అందించింది."

ఆ రోజు మా మనవరాలు తడుముకోకుండా చెప్పిందని అందరితో గొప్పగా చెప్పుకున్నవాళ్ళం మేము. మాట తిరగదని మేము పక్కన పెట్టిన పిల్లే దానికి మాట అందించిందన్నమాట.

మర్నాడు సాయంత్రం గేటు దాటి వెళ్ళాం. ముప్ఫై ఏళ్ళలో ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. అది కూడా రాసుకోవలసిన తప్పే. తల్లి కంగారుపడి పక్కింటినుంచి కుర్చీలు తెప్పించింది. మేము విషయం చెబితే కొంగుతో ముఖం తుడుచుకొని, "చిన్నపిల్ల మాటకి ఇంత దూరం రావాలాండీ! ఆ నాటిక మొత్తం ఇంట్లో ఒక్కతే ఆడేదండీ, నోవా కూడా అదే, కోడళ్ళూ అదే. తర్వాత ఎందుకో మానేసింది. సండే స్కూలుకి పొమ్మంటే పనుందంటది" అంది. ఆ మాటల్లో నిష్ఠూరం లేదు. ఉంటే మాకు కాస్త తేలికగా ఉండేది.

పన్నెండేళ్ళ పిల్ల తలుపు పక్కన నిలబడి వింటోంది. ఈసారి నాటికలో చేరమని అడిగాం. "నేను పెద్దదాన్నయిపోయాను టీచరమ్మా. మా తమ్ముణ్ణి పంపిస్తాను" అంది. ఇంక బలవంతం చేయలేదు. తప్పు చేసినవారికి తొందరగా క్షమాపణ దొరకాలనే ఆత్రం ఉంటుంది. అది అవతలివారికి ఇంకో బరువు.

ఈ వేసవిలో అదే ఓడ నాటిక మళ్ళీ వేశాం, కానీ తిరగరాశాం. ఆదికాండము తొమ్మిదో అధ్యాయం తీసి చూస్తే, జలప్రళయం తర్వాత దేవుడు నిబంధన చేసింది నోవహు ఇంటివారితో మాత్రమే కాదు, ఓడలోనుంచి వచ్చిన సమస్త జీవులతోనూ అని కనిపించింది. ఎన్నిసార్లు పిల్లలకు ఆ పాఠం చెప్పామో! మరి జీవులకు మాటలుండవా? ఏనుగుకు, కాకికి, పావురానికి, ఎలుకకు కూడా తలా రెండు మాటలు రాశాం. వేషాలు చీటీలు వేసి పంచాం.

అందరూ సంతోషించారని రాస్తే అబద్ధమవుతుంది. ఒక తండ్రి వచ్చి, "మా వాడికి ఎలుగుబంటి వేషమా టీచర్ గారూ? వాడు ఇంగ్లీషు మీడియం కదండీ" అన్నారు. ఎలుగుబంటికి కూడా రెండు మాటలున్నాయండీ అన్నాం. ఒక కుటుంబంవారు ఇద్దరు పిల్లల్నీ మానిపించారు. "ఇన్నేళ్ళూ లేని పంచాయితీ మీరు తెస్తున్నారు" అని మా మీద ఒకరిద్దరికి కోపం వచ్చింది. పంచాయితీ ఇన్నేళ్ళూ ఉంది, మాకు వినబడలేదంతే. గుడిలో బంగారు ఉంగరంవాణ్ణి ఒకచోట, చిరుగుబట్టలవాణ్ణి ఒకచోట కూర్చోబెట్టేవారి గురించి యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో ఉన్నది మాకు కంఠతా వచ్చు. వచ్చి ఏమి లాభం?

ఆ పిల్ల తమ్ముడికి ఏడేళ్ళు. చీటీలో వాడికి హాము వేషం వచ్చింది. అక్క రోజూ వాణ్ణి తీసుకురావడం, అయిపోయేదాకా వాకిట్లో నిలబడడం. లోపలికి రమ్మంటే రాలేదు.

ముగింపు రోజు వాడు వేదిక మీద బిగుసుకుపోయాడు. గుడి అంతా నిశ్శబ్దం. అప్పుడు వాకిలి దగ్గరనుంచి స్పష్టంగా, నిదానంగా వాడి మాట వినిపించింది. వాడు అందుకున్నాడు. నాటిక సాగింది. ఈసారి ఆ గొంతు ఎవరిదో మేమూ విన్నాం, ముందు వరస కుర్చీల్లోవారూ వెనక్కి తిరిగి చూశారు.

తరువాత ఆ పిల్ల దగ్గరకు వెళ్ళి, "వచ్చే ఏడు నాటిక పిల్లలకు నువ్వే నేర్పుతావా?" అని అడిగాం.

వెంటనే ఒప్పుకోలేదు. మమ్మల్ని కాసేపు చూసింది. "చూస్తాను టీచరమ్మా" అంది.

బొమ్మల సినిమాలో అయితే అక్కడ చప్పట్లు మోగి, పాట మొదలయ్యేది. మాకు మాత్రం వచ్చే వేసవిదాకా ఎదురుచూడడం మిగిలింది. పాఠకులారా, మీ ఇళ్ళలో పిల్లలు పిల్లి బొమ్మలు చూస్తుంటే ఒకసారి పక్కన కూర్చోండి. మీ బడిలో, మీ సండే స్కూలులో, మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి విషయంలో, 'మ్యావ్' అంటే చాలని ఎవరితోనైనా అన్నారేమో గుర్తుకు తెచ్చుకోండి. మేమైతే నవ్వుతూనే అన్నాం.